రాతినార అని అడిగిన రోజు

మా నాయనకు 71 ఏళ్లు. ఆర్టీసీలో 33 ఏళ్లు కండక్టరుగా పనిచేసి 2010లో రిటైరయ్యాడు. పులివెందుల దగ్గర మా ఊళ్లో ఉన్న నాలుగెకరాల చీనీ తోటను చూసుకుంటూ, రోజూ తెల్లవారకముందే మోటారు వేయడానికి నడిచి వెళ్లే మనిషి, 2023 ఆగస్టు 27 ఆదివారం నాడు తోటకు పోయే దారిలో మూడుసార్లు కూర్చుని లేచాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నుంచి 2024 ఆగస్టు దాకా, సరిగ్గా ఏడాది పాటు జరిగినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. చికిత్స కంటే, ఆయనకు వచ్చిన మెసోథీలియోమా అనే జబ్బు, అంటే ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ గురించిన నిజం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి పడిన పాట్ల గురించే ఎక్కువగా రాస్తాను. మాకు ఎక్కువ రాత్రులు నిద్ర లేకుండా చేసింది అదే.

మరుసటి రోజే కడపలో ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. వీపులో సూది గుచ్చి 1,200 మిల్లీలీటర్ల నీరు తీశారు. కల్లు రంగులో ఉంటుందనుకున్న నీరు పలుచని టీ రంగులో ఉంది. ఆ నీటిని పరీక్షకు పంపితే క్యాన్సర్ కణాలు కనిపించలేదని, ఏడీఏ అనే పరీక్షలో 46 వచ్చిందని, 40 దాటితే మన దేశంలో సాధారణంగా క్షయగానే చూస్తారని చెప్పి టీబీ మందులు మొదలుపెట్టారు. ఆ డాక్టరును నేను తప్పు పట్టడం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన పెద్ద వయసు మనిషిని చూసినప్పుడు మన ప్రాంతంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది క్షయే. అయితే మందులు పడుతున్నా మూడు వారాల్లో నీరు మళ్లీ చేరింది. అక్టోబరులో రెండోసారి, ఆ నెలాఖరులో మూడోసారి తీశారు. ప్రతిసారీ నీటి పరీక్షలో ఏమీ లేదనే వచ్చింది. ఏమీ లేదన్న ఆ మాట మాకు రెండు నెలల పాటు ధైర్యాన్నిచ్చింది. ఈ జబ్బును నీటి పరీక్ష చాలాసార్లు పట్టుకోలేదని, పై పొర నుంచి ముక్క తీసి చూస్తే తప్ప తేలదని తర్వాత చదివినప్పుడు, ఆ రెండు నెలలను తలచుకుని చాలా బాధపడ్డాను.

నవంబర్ 6న హైదరాబాదులో సీటీ స్కాన్ తీయించాం. 5,500 రూపాయలైంది. ఊపిరితిత్తిని చుట్టి ఉండే ప్లూరా అనే పొర ఒకవైపంతా దళసరిగా, అక్కడక్కడ గడ్డలు కట్టి ఉందని రాశారు. నవంబర్ 14న థొరకోస్కోపీ చేశారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి, కెమెరా గొట్టం లోపలికి పంపి, పొర నుంచి ఏడెనిమిది ముక్కలు తీసి, నీరు మళ్లీ చేరకుండా వైద్యానికి వాడే టాల్క్ పొడి చల్లారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నందుకు అన్నీ కలిపి 62,000 రూపాయలైంది. చేర్చుకునేటప్పుడు చిన్న డాక్టరొకరు నాయన పక్కన నిలబడి, ఫారంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే చదివారు. బీడీ, సిగరెట్ తాగుతారా, షుగర్ ఉందా, ఎప్పుడైనా ఆస్బెస్టాస్ పని చేశారా అని అడిగారు. నాయన మూడింటికీ లేదన్నాడు. నేనూ లేదనే చెప్పాను. మా ఇంటికి రేకులు కూడా లేవు, మట్టిమిద్దె పోయి కాంక్రీటు మిద్దె వచ్చింది.

మొదటి బయాప్సీ రిపోర్టు నవంబర్ 21న వచ్చింది. అందులో అడినోకార్సినోమా అనే ఇంకొక రకం క్యాన్సర్ కావచ్చునని, కణాలకు రంగులు పట్టించి ఏ రకమో తేల్చే ఐహెచ్‌సీ పరీక్ష చేయించాలని ఉంది. దానికి 9,500 రూపాయలు కట్టి తొమ్మిది రోజులు ఎదురుచూశాం. నవంబర్ 30, గురువారం సాయంత్రం ఫోనుకు వచ్చిన పీడీఎఫ్‌లో కాల్‌రెటినిన్ పాజిటివ్, డబ్ల్యూటీ-1 పాజిటివ్, టీటీఎఫ్-1 నెగెటివ్, సీఈఏ నెగెటివ్ అని ఉండి, చివరి వరుసలో ఎపిథీలియాయిడ్ మెసోథీలియోమా అని రాసి ఉంది. నేను అనంతపురంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆ పదాన్ని నేను అంతకుముందు ఎన్నడూ చదవలేదు, వినలేదు. డాక్టరును కలవడానికి సోమవారం దాకా సమయం దొరకలేదు. గురువారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా నా చేతిలో ఉన్నది ఆ పదం, ఒక ఫోను.

ఆ రాత్రి మొదట కనిపించిన పేజీలన్నీ చూడడానికి ఆసుపత్రుల పేజీల్లాగే ఉన్నాయి. తెల్లకోటు వేసుకున్న మనుషులు, నవ్వుతున్న ముసలి దంపతులు, మీరు ఒంటరివారు కాదనే మాటలు ఉన్నాయి. ఒక పేజీలో ఉచితంగా పుస్తకం పంపుతామంటే పేరు, ఫోన్ నంబరు ఇచ్చాను. మరుసటి రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగింది. అవతల ఒక అమెరికా ఆవిడ చాలా మర్యాదగా, ఎంతో ఓపికగా మాట్లాడింది. మీ నాన్నగారు నౌకాదళంలో పనిచేశారా, అమెరికాలో ఏ కంపెనీలో, ఏ సంవత్సరాల్లో పనిచేశారు అని అడిగింది. మాది ఇండియా, మా నాయన బస్సు కండక్టరు అని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, మీకు మంచి జరగాలని కోరుకుంటున్నానని చెప్పి పెట్టేసింది. అప్పుడు లేచి కూర్చుని ఆ పేజీ అడుగు దాకా చూశాను. ఫలానా న్యాయవాద సంస్థ ఖర్చుతో ఇది నడుస్తున్నదని చిన్న అక్షరాల్లో ఉంది. ఈ జబ్బు ఎక్కువగా ఆస్బెస్టాస్ పీచును పీల్చినవారికే వస్తుందని, అమెరికాలో ఆస్బెస్టాస్ కంపెనీలు దివాలా తీసినప్పుడు బాధితుల కోసం పక్కన పెట్టిన నిధులు వేల కోట్ల డాలర్లలో ఉన్నాయని, ఒక్కొక్క రోగీ అక్కడ ఒక్కొక్క కేసని, అందుకే ఈ జబ్బు పేరు వెతికినవారికి ముందు లాయర్ల పేజీలే వస్తాయని నాకు ఆ తెల్లవారుజామున అర్థమైంది. ఆ పేజీల్లో రాసినదంతా అబద్ధమని నేననను. వైద్యం గురించి ఉన్న విషయాల్లో చాలావరకు సరైనవే. కానీ పదేళ్లు బతికినవారి కథలు పైన ఉంటాయి, మిగిలినవారి లెక్క కింద ఉంటుంది. ప్రతి పేరా చివర ఫోన్ నంబరు ఉంటుంది. కష్టంలో ఉన్న మనిషి ఏది ముందు చదువుతాడో అది రాసినవాళ్లకు బాగా తెలుసు.

తెలుగులో వెతికితే ఇంకొక రకం కష్టం వచ్చింది. దొరికిన నాలుగైదు పేజీలూ యంత్రంతో తర్జుమా చేసినవే. స్టేజ్ అన్న మాటను వేదిక అని మార్చి, నాలుగవ వేదికలో వ్యాధి వ్యాపిస్తుందని రాశారు. కొత్త మందుల మీద రోగులతో జరిపే ట్రయల్‌ను విచారణ అన్నారు. ఊపిరితిత్తుల విచారణలో పాల్గొనండి అని చదివి, మా అమ్మ కోర్టు సంగతేమిటమ్మా అని భయపడుతూ అడిగింది. వార్త బంధువులకు తెలిసేసరికి వాట్సాప్ నిండిపోయింది. చెట్టు బెరడు కషాయం, పసుపు, నిమ్మకాయ, చక్కెర పూర్తిగా మానేస్తే గడ్డ ఎండిపోతుందనే వీడియో వచ్చాయి. పంపినవాళ్లందరూ మా మీద ప్రేమతోనే పంపారు. కాదనడానికి మనసొప్పక ఒక్కొక్కదానికీ దండం గుర్తు పెట్టాను.

శనివారం మా మేనమామ కూతురికి ఫోన్ చేశాను. తను పాథాలజీలో ఎం.డి. చదువుతోంది. తను నన్ను ఓదార్చకుండా, ఒక నోటు పుస్తకం తీసుకోమంది. ‘వదినా, ఏ పేజీ తెరిచినా చదవడానికి ముందు మూడు సంగతులు రాసుకో. ఎవరు రాశారు, దానికి డబ్బు ఎవరిస్తున్నారు, చివరిసారి ఎప్పుడు సరిచేశారు. ఈ మూడూ దొరక్కపోతే ఆ పేజీ మూసెయ్యి’ అంది. ఆ నోటు పుస్తకం ఇప్పుడు 140 పేజీలైంది. తను చెప్పిన ప్రకారం వెతికితే మిగిలినవి కొన్నే. అమెరికా ప్రభుత్వపు నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ జబ్బు మీద రోగుల కోసం ఒక పాఠం, వైద్యుల కోసం ఇంకొక పాఠం ఉన్నాయి, రెండింటికీ సరిచేసిన తేదీ ఉంది. మొదటిది చదివి అర్థమయ్యాక రెండోది తెరవడం నాకు బాగా పనికొచ్చింది. ఓడల పనిలో, భవనాల పనిలో ఆస్బెస్టాస్‌ను విరివిగా వాడినందువల్ల బ్రిటన్‌లో ఈ జబ్బు ఎక్కువ, అక్కడ ఏటా రెండు వేల మందికి పైగా దీనితో చనిపోతున్నారు, 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించారు. అందుకే అక్కడి మెసోథీలియోమా యూకే అనే స్వచ్ఛంద సంస్థ పుస్తకాల్లో ఆయాసం వచ్చినప్పుడు ఎలా కూర్చోవాలి, నీరు మళ్లీ చేరితే ఏం చేస్తారు వంటి ఇంటి మనుషులకు కావలసిన సంగతులు వివరంగా ఉన్నాయి. పరిశోధన వ్యాసాల సారాంశాలను పబ్‌మెడ్‌లో ఉచితంగా చదవవచ్చునని, మన దేశంలో జరిగే మందుల ట్రయల్స్‌ను 2007లో మొదలైన సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో 2009 నుంచి తప్పనిసరిగా నమోదు చేస్తున్నారని కూడా తనే చెప్పింది.

ఆ పేజీలు నమ్మదగినవి కాబట్టి హాయిగా ఉంటాయని అనుకుంటే పొరపాటు. లాయర్ల పేజీలు దాచినదాన్ని అవి మొదటి పేరాలోనే చెప్పాయి. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందులు కలిపి ఇచ్చినవారిలో జీవితకాలపు మధ్యగతం 12.1 నెలలు, సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 9.3 నెలలు అని 2003లో వచ్చిన వ్యాసంలో ఉంది. నేను వంటగదిలో నిలబడి చదివాను. పన్నెండు నెలలంటే వచ్చే డిసెంబర్ అని వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. అలా ఆ రాత్రి గడిచాక, ఆదివారం మధ్యాహ్నం పదో తరగతి పిల్లల పేపర్లు దిద్దుతుంటే మధ్యగతం లెక్క వచ్చింది. పదహారేళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్న మాటే అది. పిల్లలను ఎత్తుల వారీగా నిలబెడితే నడుమ వచ్చే పిల్ల ఎత్తే మధ్యగతం, చివరి పిల్ల ఎంత పొడుగో అది చెప్పదు అని ప్రతి ఏడాదీ చెబుతాను. 12.1 నెలలు మా నాయనకు ఇచ్చిన గడువు కాదు, రెండు మందులూ కలిపి తీసుకున్న ఆ రెండు వందల పైచిలుకు మందిలో సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారు, వారిలో కొందరు చాలా ఎక్కువ కాలం బతికారు. పైగా ఆ లెక్కలో అన్ని రకాల కణాలవారూ కలిసి ఉన్నారు. నాయనది ఎపిథీలియాయిడ్ రకం, మూడు రకాల్లో అదే కాస్త నెమ్మదైనది. ఇది తెలిసినందుకు జబ్బు తగ్గలేదు. కానీ ఆ రోజు పేపర్లు పూర్తిగా దిద్దగలిగాను.

సోమవారం డాక్టరు చెప్పిన మాటలు నోటు పుస్తకంలో ఉన్నవాటితో సరిపోయాయి. పెట్-సీటీ 16,000 రూపాయలు పెట్టి తీయించాం. జబ్బు కుడివైపు పొరకే పరిమితమై ఉందన్నారు. ఆ తర్వాత పక్షం రోజులు అభిప్రాయాల కోసం తిరిగాం. ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో పొర మొత్తం ఒలిచి తీసేసే పెద్ద ఆపరేషన్ చేద్దామని, తొమ్మిది లక్షలవుతుందని, నాలుగు రోజుల్లో నిర్ణయం చెప్పమని అన్నారు. ఇంకొకచోట నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుల (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) పేర్లు రాసి, ఏడాదికి అయ్యే ఖర్చు చెబితే తమ్ముడు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లాడు. తోట అమ్మేద్దాం అక్కా అన్నాడు. అమ్మ అప్పటికే ఒప్పుకుంది. బేరగాడికి కబురు కూడా వెళ్లింది.

ఆ నాలుగు రోజులూ నేను రాత్రిపూట చదివినదే మా ఇంటి తోటను నిలబెట్టింది. మార్స్-2 అనే బ్రిటిష్ ట్రయల్ ఫలితాలు 2023 సెప్టెంబరులో, అంటే ఆ ఆపరేషన్ సంగతి మాకు చెప్పడానికి మూడు నెలల ముందే, ఒక ప్రపంచ సదస్సులో ప్రకటించారు. 335 మందిలో సగం మందికి కీమోతో పాటు ఆ ఒలిచే ఆపరేషన్ చేశారు, సగం మందికి కీమో ఒక్కటే ఇచ్చారు. ఆపరేషన్ అయినవారిలో మధ్యగతం 19.3 నెలలు, కానివారిలో 24.8 నెలలు. ఆపరేషన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ కనిపించింది. ఇమ్యూనోథెరపీ మీద జరిగిన 605 మంది ట్రయల్‌లో మొత్తం మీద 18.1 నెలలు, కీమోతో 14.1 నెలలు వచ్చాయి. కానీ నాయన రకం కణాలున్నవారిని విడిగా చూస్తే 18.7, 16.5. తేడా ఎక్కువగా కనిపించినది మిగిలిన రెండు రకాల్లోనే. ఈ అంకెలను కాగితం మీద రాసుకుని మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లి, ‘సార్, మేము తోట అమ్మాలా?’ అని సూటిగా అడిగాను. ఆయన కాగితం పూర్తిగా చదివి, ‘నా తండ్రి అయితే ముందు కీమోనే ఇస్తాను. మీ తోట ఉండనివ్వండి, ఆయనకు అక్కడ తిరగడం అవసరం’ అన్నారు. నేను చదివిన అంకెలు నా చేత నిర్ణయం చేయించలేదు. ఆ ప్రశ్న అడిగే ధైర్యాన్ని ఇచ్చాయి. అంకెలు తెలియకపోతే నేను అమ్మాలా అని కాక, ఎంతకు అమ్మాలి అని అడిగి ఉండేదాన్ని.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇంట్లోనే దొరికింది. చదివిన ప్రతి పేజీలోనూ ఈ జబ్బుకు ముఖ్య కారణం ఆస్బెస్టాస్ అని, పీల్చిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత కూడా రావచ్చునని ఉంది. మా నాయనకు దానితో సంబంధమే లేదు కదా, అందువల్ల రిపోర్టే తప్పేమోనని నాలో ఒక ఆశ ఉండేది. డిసెంబరు 16, శనివారం రాత్రి నా పాత పదో తరగతి సాంఘికశాస్త్రం గుర్తొచ్చింది. కడప జిల్లా ఖనిజాలు అంటే ముగ్గురాయి, రాతినార అని వరుసగా బట్టీ పట్టేవాళ్లం. రాతినార అంటే ఆస్బెస్టాసే. మా పులివెందుల చుట్టుపక్కల ఆ గనులు ఉండేవి. నేను లేచి వరండాలోకి వెళ్లాను. నాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఆయాసం వచ్చేది.

‘నాయనా, నువ్వెప్పుడైనా రాతినార గనిలో పని చేసినావా?’ అని అడిగాను.

‘రాతినారా? చేసింటి గదమ్మా, మూడేండ్లు. నీ పుట్టుక ముందు. డెబ్బైలో పోయినా, డెబ్బైమూడులో మానుకున్యా’ అన్నాడు.

‘మరి హైదరాబాదులో డాక్టరు అడిగితే లేదన్నావే?’

‘ఆయప్ప అడిగింది ఇది గాదు గదా, ఇంగ్లీషులో ఇంకేందో పేరు చెప్పె.’

తర్వాత చాలాసేపు చెప్పాడు. రాయిని సుత్తితో కొట్టి, నార విడదీసేవాళ్లమని, వెలుతురు పడితే అది పట్టుకుచ్చు మాదిరి మెరిసేదని, ఆడవాళ్లు చేటల్లో వేసి చెరిగేవారని, మధ్యాహ్నం అక్కడే చేతులు దులుపుకుని సద్ది తినేవాళ్లమని చెప్పాడు. చెబుతూ చెబుతూ బొటనవేలిని చూపుడువేలి మీద రుద్దాడు. యాభై ఏళ్ల కిందటి పీచును ఇప్పుడు కూడా వేళ్ల మధ్య నలుపుతున్నట్టుగా ఉంది ఆ కదలిక. ముఖానికి గుడ్డ కట్టుకునేవాళ్లా అని అడిగితే, ఎండాకాలం చెమటకు కట్టుకునేవాళ్లమన్నాడు. తనతో పనిచేసిన ఒక స్నేహితుడు 2009లో గుండెల్లో నీరు చేరి చనిపోయాడని కూడా అప్పుడే చెప్పాడు. ఆయనకు ఏ జబ్బో ఎవరూ ముక్క తీసి చూడలేదు కాబట్టి నేనేమీ అనలేను.

మరదలికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, పని చేసిన చరిత్ర ఉన్నా లేకపోయినా జబ్బును నిర్ధారించేది ముక్క మాత్రమేనని, చరిత్ర చూసి రిపోర్టు రాయకూడదని తమకు నేర్పిస్తారని చెప్పింది. అయినా నాకు ఆ రాత్రి ఒక తలుపు మూసుకుంది, ఇంకొకటి తెరుచుకుంది. రిపోర్టు తప్పు అన్న ఆశ పోయింది, ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న తీరింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ ఒక్క ప్రశ్నను ఆయనకు తెలిసిన మాటలో అడిగి ఉంటే ఆయన ఆ క్షణమే చెప్పేవాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎవరైనా ఈ ప్రశ్న అడిగినప్పుడు, ఆస్బెస్టాస్ అని ఊరుకోకుండా రాతినార అని, రేకుల ఫ్యాక్టరీ అని, బాయిలర్ గొట్టాలకు చుట్టే తెల్ల తాడు అని, పాత ఓడల పని అని విడివిడిగా అడగండి.

అప్పటిదాకా నాయనకు క్యాన్సర్ అన్న మాట మేమెవరమూ చెప్పలేదు. నీరు చేరిందనే చెబుతూ వచ్చాం. మరుసటి ఉదయం నేను లేచేసరికి ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నా నోటు పుస్తకం చదువుతున్నాడు. నేను అంకెలన్నీ తెలుగులోనే రాసుకున్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆయన పుస్తకం మూసి, ‘టికెట్టు కొట్టేటోనికి ఎక్కడ దిగల్లో తెలీకుంటే ఎట్లమ్మా? ఇంగ నుంచి నాకూ చదివి చెప్పు’ అన్నాడు. ఆ తర్వాత ఆసుపత్రికి ప్రతిసారీ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది.

రెండో అభిప్రాయం కోసం ముక్కలను ముంబైలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి పంపాం. దీనికి రిపోర్టు కాగితం చాలదు, మైనంలో పోసిన బ్లాకులు, స్లైడ్లు కావాలి. అవి అడిగితే ఇస్తారు, కానీ దరఖాస్తు రాసి మూడు రోజులు తిరగవలసి వచ్చింది. తమ్ముడు వాటిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని రైల్లో తీసుకెళ్లాడు. మైనం కరుగుతుంది కాబట్టి ఎండలో పెట్టకూడదని మరదలు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. పన్నెండు రోజులకు అదే జబ్బు, అదే రకం అని వచ్చింది.

కీమో డిసెంబరు 27న మొదలుకావలసింది, వారం వాయిదా పడింది. పెమెట్రెక్సెడ్ ఇచ్చే ముందు వారం రోజులు ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలి, బి12 ఇంజెక్షన్ ఒకటి పడాలి. ఆ సంగతి రాసిన కాగితం మాకు ఎవరూ ఇవ్వలేదు. నేను చదివినది గుర్తొచ్చి ముందురోజు ఫోన్ చేసి అడిగితే, అవునమ్మా, అది లేకుండా ఎక్కించకూడదు అన్నారు. మైక్రోగ్రాముల లెక్కలో ఉండే చిన్న ఫోలిక్ మాత్ర మూడు షాపుల్లో దొరకలేదు, అందరూ 5 మిల్లీగ్రాముల మాత్రే చేతిలో పెట్టారు. డాక్టరును అడగకుండా వేయలేదు. మూత్రపిండాల పరీక్ష చూసి సిస్‌ప్లాటిన్‌కు బదులు కార్బోప్లాటిన్ ఇచ్చారు. జనవరి 3న మొదటి కీమో, 21 రోజులకొకటి చొప్పున ఆరు. మార్చిలో తెల్లరక్తకణాలు తగ్గి ఒక వారం ఆలస్యమైంది, ఆఖరిది ఏప్రిల్ 24న పడింది. ఒక్కొక్కదానికి 21,000 నుంచి 24,000 రూపాయలు. ఇక్కడ ఇంకొక ఆశ్చర్యం. 2019లో కేంద్ర ప్రభుత్వం 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది, వాటిలో పెమెట్రెక్సెడ్ కూడా ఉంది. అయినా కంపెనీని బట్టి ధరలో తేడా ఉంటుంది. బిల్లు వేసే ముందు, ఇదే మందు వేరే కంపెనీది ఉందా అని అడగడం నేర్చుకున్నాక ఒక్కో విడతకు నాలుగు వేల దాకా మిగిలింది. ప్రతి కీమో తర్వాత రెండు రోజులు నాయనకు ఎక్కిళ్లు ఆగేవి కావు. మొదటి రాత్రి అమ్మ హడలిపోయింది. ముందురోజు నుంచి వేసే డెక్సామెథసోన్ మాత్ర వల్ల అలా రావచ్చునని నోటు పుస్తకంలో ఉంది, తెల్లారాక డాక్టరు కూడా అదే చెప్పారు.

నష్టపరిహారం సంగతి కూడా అడిగి చూశాం. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. నాయన చేరింది 1970లో. ఆ 40 ఏళ్లు 2010తోనే ముగిశాయి. జబ్బు బయటపడింది 2023లో. ఆయనకు కూలి చీటీ కూడా లేదు, వారానికోసారి డబ్బు చేతికిచ్చి వేలిముద్రో సంతకమో పెట్టించుకునేవారట. కడపలో మేము కలిసిన లాయరు నిజాయితీగా, ఖర్చు మీకు, తిరగడం మీకు, కాగితం మాత్రం లేదు అన్నారు. మేము దాన్ని అక్కడే వదిలేశాం. డాక్టరును మాత్రం బతిమాలి, కేసు షీట్‌లో ‘1970 నుంచి 1973 వరకు రాతినార గనిలో పని’ అని రాయించుకున్నాను. ఎక్కడో ఒకచోట అది నమోదై ఉండాలని నాయన కోరిక.

జూలై 22న తీసిన స్కాన్‌లో పొర దళసరి కాస్త తగ్గి, అలాగే నిలకడగా ఉందన్నారు. నీరు మళ్లీ చేరలేదు. ఇప్పుడు తోట దాకా నడుస్తున్నాడు, దారిలో ఒక్కసారి కూర్చుంటాడు. నాయనతో గనిలో పనిచేసినవారిలో బతికి ఉన్న ముగ్గురి ఇళ్లకు గత వారం ఇద్దరం వెళ్లాం. ఆయాసం గానీ, ఒకవైపు ఛాతీ బరువు గానీ ఉంటే డాక్టరుకు ముందుగా రాతినార సంగతి చెప్పమని ఒక్కొక్కరికీ చీటీ రాసిచ్చాను, తెలుగులో ఒక వరుస, దాని కింద డాక్టరు కోసం ఆస్బెస్టాస్ అనే మాట. తర్వాతి స్కాన్ అక్టోబరు 21న. డాక్టరును అడగవలసిన ప్రశ్నలు నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటుంటే, నాయన పెన్ను తీసుకుని అడుగున తన అక్షరాలతో ఇంకొకటి చేర్చాడు: ‘కాయ కోతకొచ్చినప్పుడు రాత్రిళ్లు తోటలో కాపలా పండుకోవచ్చునా?’